పంటకు వారమే ప్రమాణం: ఓరుగల్లు పరిశోధనా స్థానం నుండి పల్లెలకు వ్యవసాయ విజ్ఞానం

(ప్రత్యేక వ్యాసం)

వ్యవసాయంలో వారం రోజులు స్వల్ప వ్యవధి కాదు. వరిలో ఉల్లికోడు సోకిన పిలక ఉల్లికాడవలె గొట్టంగా మారి పైకి కనబడే సమయానికి జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది. ఆ పిలక ఇక వెన్ను వేయదు. ప్రత్తిలో గులాబీరంగు పురుగు గ్రుడ్డు నుండి వెలువడిన కొద్ది రోజులలోనే కాయలోనికి చొచ్చుకొనిపోతుంది. ఆ తరువాత పైన ఎంత మందు చల్లినా లోపలి పురుగుకు తగలదు. మిరప పూత దశలో తామర పురుగును గమనించక వదలివేస్తే ఆ పూత కాయగా నిలవడం కష్టం. అందువలన రైతుకు అందే సలహా ఎంత మంచిది అనే ప్రశ్నతో సమానంగా, అది ఏ రోజున అందినది అనే ప్రశ్న కూడా ముఖ్యమైనది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలకు సంబంధించినంతవరకు వ్యవసాయ విశ్వవిద్యాలయం, దాని వరంగల్ ప్రాంతీయ పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రాలు, వ్యవసాయ శాఖ కలసి ఈ పనిని చాలావరకు వారం లెక్కన సాగిస్తున్నాయి. వాటిలో కొన్ని రైతులందరికీ తెలిసినవే. మరికొన్ని పరిశోధనా క్షేత్రం గోడల లోపల ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా సాగుతున్నవి.

మూడు జిల్లాలు, మూడు నేలలు

2016 అక్టోబరు 11న రాష్ట్రంలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లా నుండి ఈ మూడు జిల్లాలు ఏర్పడినవి. 2019లో భూపాలపల్లి నుండి ములుగు ప్రాంతం విడివడి వేరు జిల్లా అయినది. పరిపాలన విభజింపబడినప్పటికీ పంటల విషయంలో ఈ ప్రాంతమంతటికీ పెద్ద దిక్కు వరంగల్‌లో ములుగు రోడ్డుపైనున్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమే.

మూడు జిల్లాల అవసరాలు మాత్రం ఒకటి కావు. జనగామ ఎత్తైన పీఠభూమి. ఎర్ర చల్కలు, చెరువులు, బోర్లపై ఆధారపడిన సేద్యం, వానలు ముఖం చాటేసిన ఏడాది మొదట దెబ్బతినే ప్రాంతం. మహబూబాబాద్‌లో మిరప, ప్రత్తి, మొక్కజొన్న, వరి కలగలసి ఉంటాయి. గిరిజన తండాల రైతుల సంఖ్య ఎక్కువ. కేసముద్రం వంటి మార్కెట్లు దగ్గరగా ఉన్నాయి. భూపాలపల్లిలో ఒకవైపు బొగ్గు గనులు, మరొకవైపు అడవి, ఉత్తరాన గోదావరి. అక్కడి మహాదేవపూర్, పలిమెల ప్రాంతాల రైతు వరంగల్‌కు వచ్చి ఒక శాస్త్రవేత్తను కలవాలంటే రోజు కూలి, బస్సు ఖర్చు రెండూ వదులుకోవలసినదే. వారం వారం సలహా పల్లెకే చేరవలసిన అవసరం ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువ అని అడిగితే ఈ మారుమూల మండలాలనే చెప్పవలసి ఉంటుంది.

రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయ చరిత్ర 1964 జూన్ 12న రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ స్థాపనతో మొదలైనది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే ఇక్కడి విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో వేరుగా వెలిసినది. జయశంకర్ ఈ ప్రాంతపు బిడ్డ. 1934 ఆగస్టు 6న ఆత్మకూరు మండలం అక్కంపేటలో జన్మించి, కాకతీయ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగా పనిచేసిన ఆర్థికశాస్త్ర ఆచార్యుడు. విశ్వవిద్యాలయానికీ, భూపాలపల్లి జిల్లాకూ ఒకే పేరు ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఉద్యాన పంటలకు వేరుగా శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. దాని ప్రధాన కార్యాలయం ములుగులో ఉన్నదని విని భూపాలపల్లి పక్కనున్న ములుగుకు వెళ్లే ప్రమాదం లేకపోలేదు. విశ్వవిద్యాలయం ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగులో. మిరప రైతులకు అంత దూరం వెళ్లవలసిన పని లేదు. ఆ విశ్వవిద్యాలయపు జన్నారెడ్డి వెంకటరెడ్డి ఉద్యాన పరిశోధనా స్థానం మహబూబాబాద్ జిల్లా మల్యాలలోనే ఉన్నది. మల్యాలలో కృషి విజ్ఞాన కేంద్రం కూడా పనిచేస్తున్నది. వరంగల్ సమీపంలోని మామునూరులో పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన మరొక కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. 1974లో పుదుచ్చేరిలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆధ్వర్యంలో దేశపు తొలి కృషి విజ్ఞాన కేంద్రం ప్రారంభం కాగా, నేడు దేశంలో వీటి సంఖ్య 730 దాటినది.

ఉల్లికోడుతో సాగిన పోరు

వరంగల్ స్థానం పేరు దేశమంతటా వినబడటానికి ముఖ్య కారణం ఉల్లికోడు. వానకాలపు వరిలో ఈ పురుగు ఉద్ధృతి ఎక్కువగా ఉండే ప్రాంతాలలో ఓరుగల్లు సీమ ఒకటి. దోమంత చిన్న ఈగ ఆకులపై గ్రుడ్లు పెడుతుంది. పిల్లపురుగు కాండం అడుగున పెరిగే మొగ్గను చేరి దానిని గొట్టంగా మారుస్తుంది. పురుగు మొక్క లోపల దాగి ఉండటం వలన మందులకన్నా, పురుగును తట్టుకోగల వంగడమే రైతుకు నిజమైన రక్షణ.

ఈశ్వరకోర అనే రకంతో ఎం.టి.యు. 15ను సంకరపరచి వరంగల్‌లో రూపొందించిన డబ్ల్యు. 1263 ఈ దిశలో ఒక మైలురాయి. ఉల్లికోడును నిరోధించే జన్యువులకు శాస్త్రవేత్తలు వరుస సంఖ్యలు ఇచ్చినప్పుడు మొదటి సంఖ్య పొందిన జన్యువు ఈ వంగడంలోనిదే. తరువాతి దశాబ్దాలలో ఎర్రమల్లెలు, పోతన, భద్రకాళి, ఓరుగల్లు, వరంగల్ సాంబ, వరంగల్ సన్నాలు, సిద్ధి వంటి రకాలు ఈ క్షేత్రం నుండి వెలువడినవి. డబ్ల్యు.జి.ఎల్. అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్య కనబడితే అది వరంగల్ వంగడమని విత్తన వ్యాపారులకే కాక రైతులకూ తెలుసు. కంది, పెసర పంటలలో కూడా ఈ స్థానం పలు రకాలను అందించినది.

అయితే ఈ పోరులో తుది విజయం అనేది లేదు. ఒక నిరోధక జన్యువు గల రకం విస్తారంగా సాగులోకి వచ్చిన కొన్నాళ్లకు దానిని తట్టుకోగల కొత్త జీవరూపం పురుగులో తలెత్తుతుంది. మన దేశంలో ఉల్లికోడుకు ఏడు జీవరూపాలను గుర్తించగా, వాటిలో '4ఎం' అనునది వరంగల్‌కు చెందినది. దానిముందు డబ్ల్యు. 1263లోని జన్యువు నిలువలేకపోయినది. కనుకనే పరిశోధనా స్థానంలో ఒక రకం విడుదలయ్యే నాటికే తరువాతి రకానికి సంకరాలు నడుస్తూ ఉంటాయి. పదేళ్ల క్రితం పురుగును తట్టుకున్న రకం నేడెందుకు తట్టుకోవడం లేదని రైతు అడిగే ప్రశ్నకు సమాధానం ఇదే. చాలా సందర్భాలలో విత్తనం కల్తీ కాకపోవచ్చు, పురుగే మారి ఉండవచ్చు.

పురుగుల లెక్కల పుస్తకం

పరిశోధనా క్షేత్రంలో వారానికి ఒకసారి తప్పక జరిగే పని పురుగుల లెక్క కూర్చడం. రాత్రివేళ దీపపు ఎరలో పడిన ఉల్లికోడు, సుడిదోమ, కాండం తొలుచు పురుగులను ప్రతి ఉదయం వేరుచేసి లెక్కిస్తారు. ప్రత్తి చేలలోని లింగాకర్షక బుట్టలలో పడిన మగ రెక్కల పురుగులను కూడా ఇదే విధంగా నమోదు చేస్తారు. ఈ దినసరి లెక్కలను 'ప్రామాణిక వాతావరణ వారం' ప్రకారం కూడుతారు. ఈ పద్ధతిలో జనవరి 1 నుండి 7 వరకు మొదటి వారం. సంవత్సరానికి 52 వారాలు. మిగిలిపోయే రోజును చివరి వారంలో కలుపుతారు కనుక 52వ వారానికి ఎనిమిది రోజులు. లీపు సంవత్సరంలో తొమ్మిదవ వారానికి కూడా ఎనిమిది రోజులు వస్తాయి. అదే వారపు వర్షపాతం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ పక్కనే నమోదవుతాయి.

చూడటానికి ఇది గుమాస్తా పనివలె కనబడుతుంది. కాని రైతుకు అందే పెక్కు సలహాలకు ఆధారం ఇదే. వానకాలంలో ఆలస్యంగా నాటిన వరిలో ఉల్లికోడు ఎక్కువగా ఉంటుందనీ, సకాలంలో నాటిన పొలం చాలావరకు తప్పించుకుంటుందనీ చెప్పగలుగుతున్నారంటే అది ఏళ్ల తరబడి వారం వారం కూర్చిన ఈ అంకెల ఫలితమే. ప్రత్తిలో లింగాకర్షక బుట్టకు రాత్రికి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు గులాబీరంగు రెక్కల పురుగులు పడినా, వంద పూలలో పది గుడ్డిపూలు కనబడినా మందు చల్లవలసిన స్థాయి వచ్చినదని చెబుతారు. ఆ స్థాయి రాకముందు చల్లిన మందు ఖర్చే తప్ప ప్రయోజనం లేనిది. ఈ లెక్కను రైతు తన చేలో తానే వేసుకోవచ్చు. దానికి కావలసినది ఒక బుట్ట, ఒక ఎర, ఉదయం పది నిమిషాల సమయం.

ఈ జాగ్రత్త ఎందుకు అవసరమో వరంగల్ సీమకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 1997-98లో ప్రత్తిపై పురుగుల ఉద్ధృతి, పనిచేయని మందులు, వడ్డీ అప్పులు ఒకేసారి మీదపడి ఉమ్మడి జిల్లాలో అనేకమంది ప్రత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదం దేశం దృష్టిని ఇటు త్రిప్పినది. 2002లో బీటీ ప్రత్తి, 2006లో రెండు జన్యువుల బీటీ ప్రత్తి అనుమతి పొందిన తరువాత కాయతొలుచు పురుగుల బెడద కొంతకాలం తగ్గినప్పటికీ, దశాబ్దం గడవక ముందే గులాబీరంగు పురుగు ఆ రెండింటినీ తట్టుకొని తిరిగి వచ్చినది. ఇప్పుడు డిసెంబరు దాటిన తరువాత పంటను సాగదీయరాదనీ, ప్రత్తి కట్టెను చేలో ఉంచరాదనీ శాస్త్రవేత్తలు పదేపదే చెప్పడం వెనుక ఈ అనుభవం ఉన్నది.

మంగళవారం రైతు వేదికలో

2020 అక్టోబరు 31న జనగామ జిల్లా కొడకండ్లలో రాష్ట్రంలోని తొలి రైతు వేదిక ప్రారంభమైనది. ఐదువేల ఎకరాలకు ఒక క్లస్టరు, ఒక్కొక్క క్లస్టరుకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి, ఒక వేదిక చొప్పున రాష్ట్రవ్యాప్తంగా 2,601 వేదికలు నిర్మించారు. భవనం ఉన్నంత మాత్రాన విజ్ఞానం రాదు. నిర్మాణం తరువాత కొన్నిచోట్ల అవి తాళాలకే పరిమితమైన మాట వాస్తవం. 2024 మార్చి 6న 'రైతు నేస్తం' పేరుతో దృశ్య శ్రవణ సమావేశాల సౌకర్యాన్ని నియోజకవర్గానికి ఒకటి చొప్పున 110 వేదికలలో ప్రారంభించి, క్రమంగా మరిన్ని వేదికలకు విస్తరించడంతో పరిస్థితి మారడం మొదలైనది.

ప్రతి మంగళవారం ఉదయం విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, వ్యవసాయ శాఖ అధికారులు తెరపై రైతులతో మాట్లాడతారు. ఆ వారంలో ఏ పంటలో ఏ పని చేయవలసి ఉన్నదో మొదట చెప్పి, తరువాత రైతుల సందేహాలకు సమాధానం ఇస్తారు. ఒక జిల్లా రైతు అడిగిన ప్రశ్న మరొక జిల్లా రైతుకు వినబడటం ఈ కార్యక్రమంలోని అసలు లాభం. మహబూబాబాద్‌లో మిరపపై కనబడిన పురుగు మరుసటి వారం భూపాలపల్లి చేలకు రావచ్చు. పలిమెల వంటి దూరప్రాంతాల రైతులకు నూరు కిలోమీటర్ల ప్రయాణం తప్పుతుంది. వేదికకు వచ్చే రైతులు తెగులు సోకిన మొక్కను వెంట తెచ్చినట్లయితే విస్తరణాధికారి దానిని తెరముందు చూపగలుగుతారు. ప్రశ్నను మాటలలో వర్ణించడం కన్నా ఇది మేలు.

వారంలో మంగళవారానికి మరొక ప్రాముఖ్యం కూడా ఉన్నది. భారత వాతావరణ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలసి వెలువరించే వ్యవసాయ వాతావరణ సలహా పత్రాలు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాలలో విడుదల అవుతాయి. రాబోయే ఐదు రోజులకు వర్షపాతం, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, గాలిలో తేమ, గాలి వేగం, దిశ, మేఘావృతం జిల్లాల వారీగా ఇందులో ఉంటాయి. వాటికి అనుగుణంగా పంట సలహాలు ఉంటాయి. రెండు రోజులలో వాన ఉన్నదని తెలిస్తే యూరియా వేయడం, మందు చల్లడం వాయిదా వేసుకోవచ్చు. కోసిన వరి, ఆరబెట్టిన మిరపకాయలు కళ్లంలో ఉన్న రైతుకు ఈ ఒక్క సమాచారం విలువ వేల రూపాయలు. 2019లో వచ్చిన 'మేఘదూత్' అనే మొబైల్ అనువర్తనంలో ఈ సలహాలు తెలుగులో కూడా లభిస్తాయి. ఉరుములు మెరుపుల వేళ పొలంలో ఉండేవారికి పిడుగు హెచ్చరికలు ఇచ్చే 'దామిని' కూడా ఉపయోగకరమైనది.

మిరప నేర్పిన పాఠం

2021-22 పంటకాలంలో మహబూబాబాద్, వరంగల్, భూపాలపల్లి, ములుగు, ఖమ్మం ప్రాంతాల మిరప రైతులు అంతకుముందెన్నడూ చూడని పురుగును చూశారు. ఆకు ముడత తెచ్చే పాత తామర పురుగు వారికి తెలిసినదే. ఈ కొత్తది నల్లగా, పూలలో గుంపులుగా చేరి, పూతను రాల్చినది. ఇండోనేషియా తదితర ఆగ్నేయాసియా ప్రాంతాలలో ఉండే ఈ జాతిని మన దేశంలో 2015లో బెంగళూరు సమీపాన బొప్పాయిపై గుర్తించారు. ఆరేళ్ల తరువాత అది తెలుగు రాష్ట్రాల మిరపపై విరుచుకుపడినది. కంగారుపడిన రైతులు రెండు మూడు రోజులకొకసారి, రెండు మూడు మందులు కలిపి చల్లారు. పురుగు తగ్గలేదు, దానిని తినే మిత్రపురుగులు మాత్రం నశించినవి. ఎకరాకు లక్ష రూపాయలకు పైబడి పెట్టుబడి పెట్టే పంటలో ఈ దెబ్బ ఎంతటిదో ఊహించవచ్చు.

ఆ తరువాతి కాలంలో శాస్త్రవేత్తల సలహాలు మందుల పేర్లకన్నా పద్ధతులపై ఎక్కువగా సాగుతున్నవి. చేనంతా నీలిరంగు జిగురు అట్టలు అమర్చడం, చుట్టూ రెండు మూడు వరుసల జొన్న లేదా మొక్కజొన్న కంచె పంటగా వేయడం, వేపనూనె వాడటం, నత్రజని ఎరువును మితిమీరి వేయకుండుట, ఒకే మందును వెంటవెంటనే చల్లకుండుట, మందులను ఇష్టానుసారం కలపకుండుట వీటిలో ముఖ్యమైనవి. ఇవన్నీ ఒక్కరోజులో ఫలితం చూపేవి కావు. వారం వారం చేనును పరిశీలించే రైతుకే ఇవి అక్కరకు వస్తాయి.

మల్యాల ఉద్యాన పరిశోధనా స్థానం మరొక పనిలోనూ భాగస్వామి అయినది. ఓరుగల్లు ప్రాంతంలో తరతరాలుగా పండే చపాట మిరపకు భౌగోళిక గుర్తింపు కొరకు దుగ్గొండి మండలం తిమ్మంపేట మిరప రైతుల ఉత్పత్తిదారుల సంఘంతో కలసి ఈ స్థానం దరఖాస్తు చేయగా, 2025లో ఆ గుర్తింపు లభించినది. టమాట మిరప అని కూడా పిలువబడే ఈ కాయ ఎర్రటి రంగుకు ప్రసిద్ధి, కారం తక్కువ. పచ్చళ్లకు, సహజ రంగు తీసే పరిశ్రమకు దీనికి గిరాకీ ఉన్నది. సింగిల్ పట్టి, డబుల్ పట్టి, ఒడలు అని ఇందులో మూడు రకాలు. గుర్తింపు రావడంతోనే ధర పెరగదు. స్వచ్ఛమైన విత్తనాన్ని కాపాడుకొని, అసలు కాయను ఆ పేరుతోనే అమ్మినప్పుడే రైతుకు లాభం. ఆ విత్తన పరిరక్షణలో పరిశోధనా స్థానం సహాయం కోరే అవకాశం భూపాలపల్లి రైతులకు కూడా ఉన్నది.

దుకాణదారుకు వారానికొక తరగతి

శాస్త్రవేత్త వారానికొకసారి తెరపై కనబడతాడు; పురుగుమందుల దుకాణదారు ప్రతిరోజూ కనబడతాడు. పైగా అప్పు కూడా ఇస్తాడు. తెగులు సోకిన ఆకును పట్టుకొని రైతు మొదట వెళ్లేది అతని వద్దకే. ఈ వాస్తవాన్ని గుర్తించి రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ, అనగా 'మేనేజ్', 2003లో 'దేశీ' అనే డిప్లొమా కోర్సును రూపొందించినది. ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల విక్రేతలకు ఉద్దేశించిన ఈ కోర్సు 48 వారాలు సాగుతుంది. వారానికి ఒకరోజు, సాధారణంగా ఆదివారం లేదా అంగడి సెలవు దినం, తరగతి ఉంటుంది. వీటిలో 40 తరగతి గది పాఠాలు, 8 క్షేత్ర సందర్శనలు. కృషి విజ్ఞాన కేంద్రాలు, విశ్వవిద్యాలయ కేంద్రాలు కూడా దీనిని నిర్వహిస్తున్నవి.

నేల స్వభావం, పోషక లోపాల గుర్తింపు, పురుగుల, తెగుళ్ల మధ్య భేదం, మందుల మోతాదు, విక్రయ చట్టాలు ఇందులో బోధిస్తారు. మెగ్నీషియం లోపం వలన ఎర్రబారిన ప్రత్తి ఆకుకు తెగులు మందు అమ్మకుండా ఉండగలిగిన దుకాణదారు ఒక్కడు ఉన్నా ఆ ఊరికి మేలే. అమ్మకందారు సలహాదారు కూడా కావడంలో స్వప్రయోజనం ఉండదా అనే సందేహం సహజమైనదే. చదువు దానిని పూర్తిగా తొలగించలేదు. అందుకే దుకాణంలో రశీదు తీసుకోవడం, మందు పేరు, గడువు తేదీ చూసుకోవడం రైతు మానరాదు.

పొలంబడి, ఏనెబావి

వారం వారం నేర్చుకునే పద్ధతికి ఈ ప్రాంతంలో పాత పేరు పొలంబడి. 1989లో ఇండోనేషియా వరిపొలాలలో ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో మొదలైన ఈ పద్ధతి మన రాష్ట్రంలో 2000 దశకంలో విస్తృతంగా అమలైనది. పాతిక ముప్పై మంది రైతులు విత్తనం నుండి కోత వరకు ప్రతివారం ఒకే రోజున ఒకే పొలంలో కలుసుకొంటారు. మొక్కలను ఎంచుకొని శత్రుపురుగులు ఎన్ని, మిత్రపురుగులు ఎన్ని అని లెక్కించి, చార్టుపై బొమ్మ గీసి, ఆ వారం ఏమి చేయవలెనో తామే నిర్ణయిస్తారు. అక్కడ శాస్త్రవేత్త ఉపన్యాసకుడు కాడు.

రైతులు స్వయంగా నిర్ణయించుకోగలరనడానికి జనగామ జిల్లాలోనే నిదర్శనం ఉన్నది. లింగాల ఘనపురం మండలంలోని ఏనెబావి అనే చిన్న పల్లె స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో రసాయన ఎరువులు, పురుగుమందులు విడనాడి, 2006లో పూర్తి సేంద్రియ గ్రామంగా ప్రకటించుకొన్నది. పెద్ద గ్రామాలలో, ప్రత్తి వంటి పంటలతో ఇదే మార్గం సాధ్యమా అనేది వేరే చర్చ. కాని విశ్వవిద్యాలయానికి పల్లె నుండి కూడా విజ్ఞానం రావచ్చునని ఏనెబావి తెలియజేసినది.

విద్యార్థులకు, యువతకు

వరంగల్ పరిశోధనా స్థానం ప్రాంగణంలోనే వ్యవసాయ కళాశాల నడుస్తున్నది. నాలుగేళ్ల బి.ఎస్‌సి. వ్యవసాయ కోర్సులో ప్రవేశం ఇంటర్మీడియట్ బై.పి.సి. విద్యార్థులకు రాష్ట్ర ఉమ్మడి ప్రవేశపరీక్ష ద్వారా లభిస్తుంది. వ్యవసాయ కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉన్నది. భూమికి, గ్రామీణ ప్రాంతంలో చదువుకు సంబంధించిన ధ్రువపత్రాలు ముందుగానే సిద్ధం చేసుకోవలెను. ఏటా ఈ పత్రాల లోపం వలననే అర్హత ఉండి కూడా సీటు కోల్పోయే అవకాశం ఉంటుంది. పదవ తరగతి పూర్తి చేసినవారికి రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా కోర్సులు ఉన్నాయి.

డిగ్రీ చివరి సంవత్సరంలో విద్యార్థులు గ్రామంలో నివసించి ఒక రైతు కుటుంబానికి అనుబంధంగా పనిచేయవలసి ఉంటుంది. దీనిని గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమం అంటారు. నగరంలో పెరిగిన విద్యార్థికి నాట్లు, కలుపు, కూలీల కొరత, మార్కెట్ తూకం అన్నీ అక్కడే తెలిసివస్తాయి. ఆతిథ్యమిచ్చిన రైతుకు కొన్ని మాసాలపాటు ఇంటి వద్దనే ఒక చదువరి తోడు దొరుకుతాడు. విద్యార్థుల చేత మట్టి నమూనాలు తీయించుకోవడం, విత్తనశుద్ధి చేయించుకోవడం, మొలకశాతం చూపించుకోవడం వంటి పనులకు గ్రామస్థులు ముందుకు రావచ్చు.

చదువు మధ్యలో ఆగిన యువతకు కృషి విజ్ఞాన కేంద్రాలు పుట్టగొడుగులు, తేనెటీగలు, నర్సరీ, పెరటి కోళ్లు, కూరగాయల సాగు వంటి అంశాలలో స్వల్పకాల శిక్షణలు ఏర్పాటు చేస్తాయి. వీటిలో గ్రామీణ యువత నైపుణ్య శిక్షణ ఏడు రోజులు ఉంటుంది. వీటి తేదీలు ముందుగా మండల వ్యవసాయాధికారి కార్యాలయానికి, రైతు వేదికకు అందుతాయి. అక్కడ పేరు నమోదు చేసుకున్నవారికే పిలుపు వచ్చే అవకాశం ఎక్కువ. విశ్వవిద్యాలయం ఏటా మే మాసంలో నిర్వహించే విత్తన మేళాలో వరంగల్ స్థానం నుండి కూడా నాణ్యమైన విత్తనం విక్రయిస్తారు. కోరిన రకం దొరకాలంటే మొదటి గంటలలోనే చేరుకోవడం మంచిది.

నమూనా తీసే విధానం

పరిశోధనా కేంద్రం సలహా సరిగా ఉండాలంటే దాని ముందు ఉంచే నమూనా సరిగా ఉండాలి. భూసార పరీక్షకు వేసవిలో, పంట లేని సమయంలో మట్టి తీయవలెను. ఒకే తీరుగా ఉన్న చేలో ఎనిమిది నుండి పదిచోట్ల, ఆంగ్ల 'వి' అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట త్రవ్వి, గుంట అంచు వెంబడి పైనుండి క్రింది వరకు పలుచని పొర తీయవలెను. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంటకుప్పలు వేసినచోట, నీరు నిలిచినచోట తీయరాదు. అన్నిటినీ గుడ్డపై కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసివేస్తూ చివరకు అరకిలో మిగిల్చి, నీడన ఆరబెట్టి శుభ్రమైన సంచిలో పంపవలెను. ఎరువుల సంచి వాడితే ఫలితమే తారుమారు అవుతుంది. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకం ప్రకారం నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, సూక్ష్మపోషకాలు, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం కలిపి 12 అంశాలను పరీక్షిస్తారు.

తెగులు సోకిన మొక్క విషయంలో ఒక్క ఆకు తెంచి తీసుకురావడం చాలదు. వేళ్లతో సహా మొక్కను, దానితోపాటు ఆరోగ్యంగా ఉన్న మరొక మొక్కను తీసుకొనిరావలెను. విత్తిన తేదీ, రకం పేరు, ఇప్పటివరకు వేసిన ఎరువులు, చల్లిన మందుల పేర్లు ఒక కాగితంపై వ్రాసుకొనిరావడం మరచిపోరాదు; ఖాళీ డబ్బాలను చూపినా సరిపోతుంది. మంగళవారం వరకు ఆగలేని పరిస్థితిలో 2004 నుండి పనిచేస్తున్న కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 సంఖ్యకు ఉదయం 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.